ఫ్లెక్సీ మీద ఒక్క ముఖమే ఎందుకు?

పాలకొల్లు నుంచి నరసాపురం వైపు గానీ, గోదావరి దాటి రాజోలు వైపు గానీ బండి మీద వెళ్తుంటే రెండు మూడు ఊళ్లకోసారి కొత్త క్రైస్తవ మందిరం ఫ్లెక్సీ ఒకటి కనిపిస్తుంది. మందిర ప్రతిష్ఠ, వార్షికోత్సవం, మూడు రోజుల ఉపవాస కూడికలు, ఏదైనా కావచ్చు. మధ్యలో అయ్యగారి ఫొటో, అంటే పాస్టరుది, పక్కన ఆయన భార్య అమ్మగారు, పైన వరసగా గుండ్రటి చట్రాల్లో వాక్యం చెప్పడానికి వచ్చే వర్తమానికులు, అయ్యగారి పేరు కింద "వ్యవస్థాపకులు" అని పెద్దగా. అడుగున, బండి ఆపి దిగితే తప్ప చదవలేని సైజులో, "సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యవ్వనస్థులు" అని ఒక లైను.

ఫొటోలు వేసుకోవడం మీద నాకేం పట్టింపు లేదు. పుట్టినరోజుకీ, ఓణీల ఫంక్షనుకీ, పెద్దకర్మకీ కూడా ఫ్లెక్సీలు కట్టే జిల్లాలు మనవి. నా గొడవంతా ఆ వ్యవస్థాపకుడి దగ్గరే. ఒక సంఘం పుట్టడం దగ్గరుండి చూసినవాళ్లెవరూ అది ఒక్కడు చేసిన పని అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు. పని పదిమంది చేస్తారు, పేరూ పెత్తనం ఒక్కరికి వెళ్తాయి, కొన్నేళ్లు తిరిగేసరికి సంఘం రెండు ముక్కలవుతుంది, అప్పుడందరూ కూర్చుని "సాతాను చేసిన పని" అంటారు. మొదట్లో ఎవరి బాధ్యత ఏమిటో మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చిన తగాదాలన్నీ పాపం సాతాను ఖాతాలో రాస్తున్నాం.

నేను పాస్టరుని కాను. మా నాన్నగారు ఒక పాత మిషన్ సంఘంలో ఉపదేశి, అంటే పల్లెలో బడీ వాక్యమూ రెండూ చూసే మనిషి. నాది లెక్కలు చూసే ఉద్యోగం, అందువల్ల చుట్టుపక్కల ఎవరు కొత్త సంఘం పెట్టినా "అన్నయ్యా, ఆ రిజిస్ట్రేషన్ కాగితాలు ఒకసారి చూసిపెట్టవా" అని వస్తుంటారు. కాగితాలతోపాటు కబుర్లూ వస్తాయి. ఆ అనుభవంతో రాస్తున్నదే ఇది, వేదాంత పరీక్ష పాసై రాస్తున్నది కాదు.

ముందు ఇల్లు సంగతి. మన ఊళ్లలో కొత్త సంఘం మందిరంలో మొదలవదు, ఎవరో ఒక అక్క వాళ్ల వసారాలో మొదలవుతుంది. ఆమె కొడుక్కి జబ్బు చేసి ఉంటుంది, లేదా భర్త తాగుడు మానలేక ఇల్లు గుల్ల చేసి ఉంటాడు, ఎవరో ప్రార్థన చేస్తారు, ఆమెకి నెమ్మది దొరుకుతుంది, వారానికోసారి మా ఇంట్లో కూడిక పెట్టండి అంటుంది. ఇక అక్కణ్నుంచి ఆమె చేసే పని చూడండి. పక్కింటివాళ్లని పిలుచుకొస్తుంది, చాపలు అడిగి తెస్తుంది, వీధిలో "మీ ఇంట్లో ఈ గోల ఏంటి" అనేవాళ్లకి సమాధానం చెబుతుంది, అత్తగారిని ఒప్పిస్తుంది, ఎవరికి ఎవరితో మాటల్లేవో తెలుసు కాబట్టి వాళ్లని దూరం దూరంగా కూర్చోబెడుతుంది. ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో ఆమెకి తెలుస్తుంది, అయ్యగారికి తెలియదు. దీన్ని నాయకత్వం అనకపోతే ఇంకేమనాలి? బైబిల్లో ఫిలిప్పీ పట్టణంలో సంఘం మొదలైంది కూడా ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ ఇంట్లోనే కదా, "నా యింటికి వచ్చి యుండుడి" అని అపొస్తలుడైన పౌలుని బలవంతపెట్టింది ఆమే. మన దగ్గర ఏమవుతుందంటే, రేకుల షెడ్డు లేచిన రోజునే ఆ అక్క పదవి పోతుంది. మర్నాటి నుంచి ఆమె చాపలు పరిచే ఆవిడ. సంఘ పెద్దల పేర్లు చదివేటప్పుడు ఆమె భర్త పేరు వస్తుంది, అదీ ఆయన మారుమనస్సు పొంది ఉంటే.

ఈ తప్పుకి పాత మిషనరీలనే తప్పుపట్టే అలవాటు ఒకటుంది, వాళ్లు దొరతనం నేర్పారు, మనం అదే పట్టుకున్నాం అని. కొంత నిజమే. కానీ మన డెల్టా చరిత్ర సరిగ్గా చూస్తే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అని ఇంగ్లండులో పళ్ల డాక్టరు, ప్రాక్టీసు వదిలేసి ముందు బాగ్దాదు వెళ్లి, తర్వాత మన దేశం వచ్చాడు. 1836లో ఆయన తిరిగి వస్తూ బార్న్‌స్టేపుల్ నుంచి ఇద్దరిని భార్యలతో సహా వెంటబెట్టుకొచ్చాడు. విలియం బౌడెన్ రాళ్లు చెక్కే మేస్త్రీ, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరిలో ఎవరికీ పాదిరి పట్టా లేదు. వీళ్లే నరసాపురం, పాలకొల్లు పట్టుకుని మొదలుపెట్టిన పని తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. గ్రోవ్స్ ఇక్కడ స్థిరపడలేదు, చిత్తూరు వైపు వెళ్లిపోయాడు. మనుషుల్ని వెతికి, ఒప్పించి, ఓడ ఎక్కించి తీసుకురావడం ఆయన చేసిన పని. అది చేశాడు, తప్పుకున్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న 1847–52 మధ్య, ఎక్కడెక్కడి నుంచో కూలీలు వేలల్లో చేరినచోటికి వెళ్లి బౌడెన్ సువార్త చెప్పాడు. మేస్త్రీ పని తెలిసినవాడు రాళ్ల పని చేసేవాళ్ల మధ్య కూర్చుంటే ఎలా మాట్లాడి ఉంటాడో ఊహించుకోవచ్చు.

పక్కన బందరులో ఇంకో జంట. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ కలిసి వచ్చారు. నోబుల్ బడి పట్టుకున్నాడు, 1843లో మొదలుపెట్టి చనిపోయేదాకా, అంటే 1865 దాకా, దాన్ని వదల్లేదు, మధ్యలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. ఫాక్స్ ఊరూరూ తిరిగి ప్రకటించాడు, ఆరోగ్యం పాడై 1848లోనే పోయాడు. ఒకే మిషన్, ఒకే ఊరు, ఒకరి పనికీ ఒకరి పనికీ పోలికే లేదు. నోబుల్‌ని ఎండలో తిరగమన్నా, ఫాక్స్‌ని గదిలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పమన్నా ఇద్దరూ చెడేవాళ్లని నా అనుమానం. పంపినవాళ్లు ఆ బలవంతం పెట్టలేదు.

నాకు వీళ్లందరికన్నా ఇష్టమైనవాడు మనవాడే, థామస్ గేబ్రియేల్. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసేవాడు. ఆ రోజుల్లో టెలిగ్రాఫ్ ఉద్యోగమంటే మామూలు సంగతి కాదు. అది వదిలేసి కాకినాడలో సొంతంగా సువార్త పని పెట్టాడు, వెనక ఏ విదేశీ సంఘమూ లేదు. పని పెరిగింది, ఒక్కడి చేతిలో నిలిచేది కాదని అర్థమైంది. అప్పుడు తనే కెనడా బాప్టిస్టులకి కబురు చేశాడు, వచ్చి తీసుకోండి అని. 1874లో వాళ్ల మిషనరీ మెక్లారిన్ దొర కాకినాడ వచ్చాడు. కెనడియన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ అంటే దొరల పేర్లు గుర్తొస్తాయి, బడుల మీదా వాళ్ల పేర్లే ఉన్నాయి, కానీ మొదలుపెట్టినవాడు ఒక తెలుగు ఉద్యోగి. నేను పెట్టాను కాబట్టి నాదే అనుకుని ఉంటే ఆ పని ఆయనతోనే పోయేది. పిలిచి అప్పజెప్పాడు చూశారా, ఆ గుణం ఇప్పుడు మన ఫ్లెక్సీ వ్యవస్థాపకుల్లో ఎంతమందిలో ఉంది?

ఇక పల్లెల్లో అసలు పని చేసినవాళ్లు ఉపదేశులు, ఆడవాళ్లకి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలు. పగలు పాకలో పిల్లలకి అక్షరాలు, ఆదివారం అదే పాకలో వాక్యం. దొర ఏడాదికోసారో రెండుసార్లో పడవలో కాలవ మీద వచ్చి బాప్తిస్మాలు ఇచ్చి వెళ్లేవాడు, మిగతా రోజులన్నీ వీళ్లవే. మా నాన్నగారి తరందాకా ఆ పద్ధతి నడిచింది. రిపోర్టుల్లో దొరల పేర్లు అచ్చయ్యాయి, వీళ్లు "నేటివ్ హెల్పర్" అయ్యారు. మరి ఇప్పుడు రిపోర్టు రాసేది మనమే కదా.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. సువార్త చెప్పేవాడూ, సంఘాన్ని కాసేవాడూ వేరువేరు మనుషులు. ఇది నేను ఎన్నిసార్లు ఎంతమందితో వాదించానో. వీధి మొగలో మైకు పట్టుకుంటే నలుగురు ఆగిపోయేలా మాట్లాడే కుర్రాడు ఉంటాడు, ముక్కుసూటి, భయం లేదు, ఏ ఊరికైనా వెళ్తాడు. వాడి వల్ల ఇరవై కుటుంబాలు చేరతాయి. ఆ ఇరవై కుటుంబాల్లో మర్నాటి నుంచి మొగుడూ పెళ్లాల తగువులుంటాయి, చీటీ పాట డబ్బుల గొడవలుంటాయి, కాలేజీ మానేసిన పిల్లాడుంటాడు, మంచాన పడ్డ మామ్మ ఉంటుంది, ఆ మామ్మ ఒకటే కథ ప్రతిసారీ చెబుతుంది, దాన్ని మొదటిసారి వింటున్నట్టు వినాలి. మైకు కుర్రాడికి ఇది పడదు. పడకపోవడం పాపం కాదు, కానీ పడదని ఒప్పుకోవడం చేతకాదు. సంఘంలో ఉత్సాహం తగ్గగానే ఇంకో మూడు రోజుల సభలు పెడతాడు, అప్పు చేసి సౌండ్ బాక్సులు తెస్తాడు. మంచాన పడ్డ మామ్మ దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లరు.

ఎఫెసు పత్రికలో, అంటే ఎఫెసు సంఘానికి పౌలు రాసిన ఉత్తరంలో, అపొస్తలులు, ప్రవక్తలు, సువార్తికులు, కాపరులు, ఉపదేశకులు అని వరసగా చెప్పినచోట "కొందరిని" అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది, ఒక్కడికే అన్నీ ఇచ్చాడని ఎక్కడా లేదు. కొరింథువాళ్లు పౌలు వర్గం, అపొల్లో వర్గం అని కొట్టుకుంటుంటే "నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను" అన్నాడాయన. ఇది వరి పండించే మనకి ఇంకొకరు విడమర్చి చెప్పక్కర్లేదు. నారు పోసేవాడు, ఊడ్చే ఆడవాళ్లు, రాత్రిళ్లు వంతు వచ్చినప్పుడు బోదె దగ్గర కాపలా కాసి నీళ్లు పెట్టేవాడు, ఎవరి పని వాళ్లదే. ఆ పౌలు కొరింథులో ఏడాదిన్నర, ఎఫెసులో మూడేళ్లు ఉన్నాడు, సంఘాలు పెడుతూ తిరిగిన కాలంలో ఆయన ఎక్కువ రోజులు ఆగిన ఊళ్లే అవి. క్రేతు దీవిలో పని సగంలో ఉంటే తన తోటి పనివాడు తీతుని అక్కడ వదిలి ప్రతి పట్టణంలో పెద్దల్ని నియమించమన్నాడు. పెద్దల్ని అన్నాడు, పెద్దని అనలేదు. మన దగ్గర అయితే తీతు రేకుల షెడ్డు వేసుకుని పక్క వీధిలో వేరే సంఘం పెట్టేవాడు.

డబ్బు దగ్గరికి వద్దాం, ఇక్కడే మాట తడబడుతుంది అందరికీ. డెల్టాలో కొత్త మందిరాలు ఎవరి డబ్బుతో లేస్తున్నాయో తెలుసా? చాలాచోట్ల కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్ల డబ్బుతో. కోనసీమ నుంచీ, ఇటు పాలకొల్లు, నరసాపురం వైపు నుంచీ వెళ్లినవాళ్లు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, ఎవరి వంటింట్లోనో రాత్రి పదకొండు దాకా గిన్నెలు తోమి, దాంట్లో దశమ భాగం తీసి పంపుతారు. స్లాబు వాళ్లదే, గ్రానైటు వాళ్లదే, కీబోర్డు వాళ్లదే. ఫోన్లో ప్రార్థనకి కలుస్తారు, ఎవరింట్లో ఏం జరిగిందో ఇక్కడున్నవాళ్లకన్నా ముందు వాళ్లకి తెలుస్తుంది. కానీ లెక్క అడిగే హక్కు వాళ్లకి లేదు. "అయ్యగారిని లెక్కలడుగుతావా" అని తల్లే కోప్పడుతుంది.

ఆ డబ్బు ఎక్కువగా ఎవరి బ్యాంకు ఖాతాలోకి వెళ్తుందంటే అయ్యగారి సొంత ఖాతాలోకి. ఆయన దొంగ అని కాదు. సంఘానికి ఖాతా ఉండదు కాబట్టి. సంఘం పేరున ఖాతా తెరవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, 2001 సొసైటీల చట్టం కింద అయితే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, తర్వాత పాన్ కార్డు, తీర్మానం, సంతకాలు. ఇది తెలిసిన మనిషి ఒకరు మొదటి రోజు నుంచీ ఉండాలి, ఆ మనిషి అయ్యగారి బావమరిది కాకూడదు. విదేశంలో ఉన్న మన పౌరురాలు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, కానీ అక్కడి వేరే దేశస్థులు చందా వేస్తే వస్తుంది, దానికి వేరే అనుమతి కావాలి. ఈ తేడా తెలియక టెన్షన్ పడేవాళ్లున్నారు, తెలియక ధైర్యంగా ఉన్నవాళ్లు అంతకన్నా ఎక్కువ. పెళ్లిళ్ల సంగతీ అంతే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం సంఘం పెట్టిన ప్రతి ఒక్కరూ పెళ్లి జరిపించి సర్టిఫికెట్ ఇచ్చేయలేరు, లైసెన్సు ఉండాలి. కువైట్ వీసాకి ఆ సర్టిఫికెట్ పెట్టినప్పుడు తెలుస్తుంది అది చెల్లదని. సమాధుల స్థలం కోసం పంచాయతీతో మాట్లాడే మనిషి కూడా కావాలి, మొదటి చావు వచ్చేదాకా ఎవరికీ గుర్తు రాదు.

మరి చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు ముందుకొచ్చి ఈ సంతకాలు ఎందుకు పెట్టరు? ఈ ప్రశ్న వేసేవాళ్లు సమాధానం తెలిసీ తెలియనట్టు నటిస్తారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకి, 1956 నుంచి సిక్కులకి, 1990 నుంచి బౌద్ధులకి. క్రైస్తవుడైన దళితుడికి లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వెళ్తాడు. అంటే సంఘం రిజిస్ట్రేషన్ కాగితంలో కార్యదర్శి అని సంతకం పెడితే కూతురి సీటుకీ కొడుకు ఉద్యోగానికీ ముప్పు అని ఒక తండ్రి భయపడతాడు. పిరికివాడని తిట్టడం తేలిక, మా నాన్నగారు కూడా తిట్టేవారు. నేను తిట్టను. తరతరాల అంటరానితనం బాప్తిస్మం నీళ్లలో కొట్టుకుపోయిందని ఆ చట్టం అనుకుంటోంది, ఊరు మాత్రం అనుకోవడం లేదు. ఫలితం ఏమిటంటే, కాగితం మీద పేరు పెట్టడానికి పోగొట్టుకునేది ఏమీ లేనివాళ్లే మిగులుతారు, అంటే అయ్యగారూ వాళ్ల కుటుంబమూ. సంఘం కుటుంబ ఆస్తి అయిపోవడానికి అందరూ ఆయన అత్యాశ కారణమంటారు, ఈ కారణం ఎవరూ చెప్పరు.

ఇక్కడ నన్ను ఆపి అడిగేవాళ్లున్నారు. "పెద్దల కమిటీలున్న సంఘాలు ఏం బాగుపడ్డాయి? పాత మిషన్ సంఘాల్లో ఎన్నికలు, కోర్టు కేసులు, మందిరానికి తాళాలు చూడట్లేదా?" అని. చూస్తున్నాను. ఒకచోట మందిరం తలుపుకి రెండు వర్గాలూ చెరో తాళం వేస్తే జనం చింతచెట్టు కింద ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోవడం కూడా చూశాను. పాస్టరే ఉండకూడదన్న బ్రదరన్ సంఘాల్లో పెద్ద గొంతున్న అన్నయ్యే పాస్టరయిపోవడమూ చూస్తున్నాం. మొదటి ఏడాది, రెండేళ్లు ఒక్కరి మాట మీద నడిస్తేనే పని సాగుతుందన్నదీ ఒప్పుకుంటాను. స్థలం దొరికిందంటే సాయంత్రానికి బయానా ఇవ్వాలి, ఆదివారం దాకా ఆగి కమిటీ పెడితే పోతుంది. కానీ కమిటీ తగువు పదిమంది ముందు జరుగుతుంది. ఒక్కరి పెత్తనంలో తగువు ఎవరికీ కనపడకుండా లోపల కుళ్లుతుంది, బయటపడే రోజుకి సగం కుటుంబాలు వెళ్లిపోయి ఉంటాయి. మోషే అంతటివాడే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే మామగారు యిత్రో వచ్చి నలిగిపోతావు నాయనా, వెయ్యిమందికొకణ్ని, వందమందికొకణ్ని పెట్టు అన్నాడు. మామగారి మాట విని బాగుపడ్డ అల్లుళ్లలో మోషే ముందుంటాడు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మన సంఘాల్లో ఇంకా బాగా చదవాలి. గ్రీకు మాట్లాడే వాళ్ల విధవరాండ్రకి రోజువారీ తిండి సరిగ్గా అందడం లేదని సణుగుడు వచ్చింది. అపొస్తలులు ఏం చేశారు? సణిగినవాళ్ల మీద ప్రసంగం చెప్పలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లు. అంటే అన్యాయం జరిగిందన్న వర్గానికే గిన్నె, గరిటె అప్పజెప్పారు. ఇప్పుడు మన ఊళ్లకి రండి. మాల పేటకో మందిరం, మాదిగ పేటకో మందిరం, రెండు మందిరాల్లోనూ యేసులో భేదం లేదని అదే వాక్యం. రెండు పేటలూ కలిసి కూర్చునే కొత్త సంఘం ఎక్కడైనా మొదలైతే నేను ముందు అడిగేది ట్రెజరరు ఎవరని. అయ్యగారు ఏ పేట మనిషో కోశాధికారి అవతలి పేట మనిషి కావాలి. దీనికి "మాలో అలాంటివి లేవు బ్రదర్" అని చిరునవ్వు నవ్వేవాళ్లున్నారు. పిల్లల పెళ్లిళ్ల దగ్గర చూద్దాం ఆ చిరునవ్వు.

అమ్మగారి సంగతి వదిలేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో ఉంటుంది, అంతవరకే. ఆడవాళ్లు తమ కష్టం అయ్యగారికి చెప్పుకోరు, అమ్మగారికి చెబుతారు. పురిటికి ఆమె వెళ్లాలి, శవం దగ్గర రాత్రంతా ఆమె కూర్చోవాలి, వచ్చిన వర్తమానికులకి వండాలి, సండే స్కూల్ చూడాలి, స్త్రీల కూడికలో వాక్యం చెప్పాలి. జీతం లేదు, ఓటు లేదు. ఆయన అర్ధాంతరంగా పోతే సంఘం ఏం చేస్తుంది? కొన్నిచోట్ల ఆమే నడుపుతుంది, ఎందుకంటే అప్పటిదాకా సగం నడిపింది ఆమే. కొన్నిచోట్ల ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, 2013లో పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ ఆమె. అయినా రేకుల షెడ్డు సంఘంలో స్త్రీ పెద్దల బల్ల మీద కూర్చుంటే మాత్రం వాక్య విరుద్ధం అంటారు. పౌలు ఫీబేని కెంక్రేయ సంఘ పరిచారకురాలని పరిచయం చేసిన వాక్యం వాళ్ల బైబిల్లోనూ ఉంది.

పాటలూ, వాద్యాలూ చూసే కుర్రాళ్ల గురించి ఒక్క మాటే. కీబోర్డు వాయించేవాడు అలిగితే ఆదివారం ఆరాధన ఆగిపోయే స్థితి తెచ్చుకోకండి, కంజర, డోలక్కు వాయించగల పెద్దవాళ్లు ప్రతి పేటలో ఉన్నారు.

చివరికి వారసత్వం. తండ్రి తర్వాత కొడుకు పాస్టరు కావడాన్ని వెక్కిరించడం ఇప్పుడు ఫేస్‌బుక్‌లో మామూలైపోయింది. నేనూ వ్యతిరేకినే, కానీ ఆయన వైపు నుంచి కూడా లెక్క వెయ్యాలి కదా, నా ఉద్యోగమే అది. పీఎఫ్ లేదు, పింఛను లేదు. స్థలం కొన్నది భార్య నగలు తాకట్టు పెట్టి. ముప్పై ఏళ్లు సైకిలు తొక్కి, తర్వాత టీవీఎస్ తొక్కి, మోకాళ్లు అరిగాయి. రేపు సంఘం వేరేవాడి చేతికి వెళ్తే ముసలితనంలో ఆయన్నెవరు చూస్తారు? కొడుకు అక్కడే ఉంటే కనీసం ఇల్లుంటుంది. ఇది లోకరీతి అని వేదిక మీంచి ఖండించే వర్తమానికులకి సొంత ఇళ్లున్నాయి. స్థలం సంఘం పేరున రాయమని అడిగే ముందు, సంఘం ఆయన పేరున నెలనెలా ఏదైనా కట్టాలి. ఆయన నగల అప్పు తీర్చాలి. అప్పుడు అడిగితే అది న్యాయంగా ఉంటుంది. కొడుక్కి నిజంగానే పిలుపు ఉంటే, సంఘం చేతులెత్తి ఒప్పుకుంటే, అతనే ఉండొచ్చు. అడగకుండా జరగడమే నాకు పడనిది.

ప్రస్తుతం ఒక లంక గ్రామంలో కొత్త సంఘం కాగితాలు నా బల్ల మీద ఉన్నాయి. పెట్టినవాడు ముప్పై దాటని కుర్రాడు, మంచి మైకు మనిషి, మంచివాడు కూడా. నేను రాసిపెట్టినవి చాలావరకు ఒప్పుకున్నాడు. కూడిక మొదట ఎవరి వసారాలో జరిగిందో ఆ అక్క పేరు సభ్యుల్లో మొదట రాశాం, నిజానికి ఆమె వేలిముద్ర వేస్తానంటే అక్షరాలు కూడబలికించి సంతకం నేర్పింది వాళ్ల మనవరాలే. బ్యాంకులో రెండు సంతకాలు, రెండోది అవతలి పేట టీచరుగారిది. కువైట్‌లో ఉన్న ఇద్దరు చెల్లెళ్లకి నెలనెలా లెక్కల కాగితం వాట్సాప్‌లో పంపాలని కూడా రాశాం, దానికి టీచరుగారే పట్టుబట్టారు. పెద్దల పదవి మూడేళ్లు. ఒక్క నియమం దగ్గరే ఆగింది. సంఘం నిలబడ్డాక కాపరిగా కొనసాగాలా, ఇంకో ఊరికి సువార్తికుడిగా వెళ్లాలా అన్నది ఐదో ఏట సంఘమంతా కూర్చుని, తనూ కూర్చుని, తేల్చాలి అని రాశాను. అది చదివి చాలాసేపు కాగితం కింద పెట్టలేదు. "ప్రార్థన చేసి చెబుతాను అన్నయ్యా" అన్నాడు. మన సంఘాల్లో ఈ మాటకి అర్థమేమిటో నాకూ తెలుసు, అతనికీ తెలుసు. చెయ్యి తమ్ముడూ, ఆ లైను కొట్టేస్తే మాత్రం సాక్షి సంతకానికి వేరేవాళ్లని చూసుకో అన్నాను.